హాల్ టికెట్ ఆపేస్తే: పరీక్ష రిజిస్ట్రేషన్‌పై కాలేజీ నిర్ణయాన్ని హైకోర్టులో సవాలు చేయడం ఎలా

పరీక్ష ఫీజు కట్టించుకోరు. నామినల్ రోల్‌లో, అంటే పరీక్ష రాసేవారి జాబితాలో, పేరు పంపరు. హాల్ టికెట్ డౌన్‌లోడ్ కాదు. నోటీసు బోర్డు మీద డిటెన్షన్ (పరీక్షకు అనుమతించకుండా ఆపడం) జాబితాలో నంబరు కనిపిస్తుంది. విద్యార్థికి ఇవన్నీ ఒకటే, ఏడాది పోతుంది. చట్టం లెక్కలో మాత్రం ఇవి వేర్వేరు నిర్ణయాలు. వీటిని తీసుకునేవాళ్లూ వేరు, వీటికి ఆధారమైన నిబంధనలూ వేరు. చేతిలో న్యాయం ఉన్నా ఈ తేడా పట్టుకోనందువల్లే చాలా రిట్‌లు (హైకోర్టులో వేసే పిటిషన్లు) మొదటి రోజే తడబడతాయి. తెలుగు రాష్ట్రాల విద్యార్థి, తల్లిదండ్రులు లాయర్ దగ్గరకు వెళ్లేలోపు ఏం సిద్ధం చేసుకోవాలి, వెళ్లాక ఏం అడగాలి, ఉత్తర్వు వచ్చాక ఎక్కడ చిక్కుకుంటుంది అన్నది ఇక్కడ వరసగా రాస్తున్నాం.

ముందు తేల్చుకోవాల్సింది: ఆపింది ఎవరు

యూనివర్సిటీకి అనుబంధంగా ఉన్న మామూలు కాలేజీలో హాజరు లెక్క, ఫీజు వసూలు, నామినల్ రోల్ పంపడం కాలేజీ పని. హాల్ టికెట్ జారీ, పరీక్ష నిర్వహణ యూనివర్సిటీ పరీక్షల విభాగం పని. అటానమస్ కాలేజీలో ఈ రెండూ కాలేజీలోని కంట్రోలర్ ఆఫ్ ఎగ్జామినేషన్స్ చేతిలోనే ఉంటాయి, యూనివర్సిటీ పట్టా మాత్రం ఇస్తుంది. ఇంటర్ అయితే బోర్డు ఉంది. డీమ్డ్ యూనివర్సిటీలో అంతా ఒకే గూడు.

"యూనివర్సిటీ సైట్‌లో మీ పేరే రావట్లేదు" అని కాలేజీ అంటుంది. "కాలేజీ నుంచి డేటా రాలేదు" అని యూనివర్సిటీ అంటుంది. ఈ రెండు మాటల్లో ఏది నిజమో కాగితం మీద తేల్చుకోండి. పరీక్షల విభాగానికి ఒక ఈమెయిల్ పంపి, మీ నంబరు నామినల్ రోల్‌లో ఉందా లేదా అని ఒక్క ప్రశ్న అడిగితే చాలు. జవాబు వస్తే ఆధారం దొరికినట్టే. రాకపోయినా అడిగారన్న రికార్డు మిగులుతుంది.

తర్వాత నిబంధన. మీరు చేరిన సంవత్సరానికి వర్తించే అకడమిక్ రెగ్యులేషన్స్, పరీక్ష ఫీజు నోటిఫికేషన్, అకడమిక్ క్యాలెండర్ ఈ మూడూ తెచ్చుకోండి. రెగ్యులేషన్స్ కొన్నేళ్లకోసారి మారుతుంటాయి. సీనియర్ బ్యాచ్‌కు వర్తించే నిబంధన చూపించి వాదిస్తే మొదటి ప్రశ్నకే కేసు కూలిపోతుంది.

కోర్టు చూసేదేమిటి, చూడనిదేమిటి

రాజ్యాంగంలోని 226వ అధికరణం కింద హైకోర్టు చేసేది న్యాయ సమీక్ష. ఇది అప్పీలు కాదు. మీరు పరీక్షకు అర్హులా కాదా అని కోర్టు మళ్లీ మొదటినుంచి తూచదు. నిర్ణయం తీసుకున్నవారికి ఆ అధికారం ఉందా, నిబంధన ప్రకారం నడిచారా, మీ మాట విన్నారా, సంబంధం లేని కారణాలతో తీసుకున్నారా, ఒకరికి ఒకలా మరొకరికి ఒకలా చేశారా అని చూస్తుంది. చదువుకు సంబంధించిన విషయాల్లో నిపుణుల నిర్ణయాలను కోర్టులు తేలిగ్గా కదిలించకూడదన్నది సుప్రీంకోర్టు దశాబ్దాలుగా చెబుతున్న మాట. మహారాష్ట్ర బోర్డు వర్సెస్ పరితోష్ భూపేష్‌కుమార్ సేఠ్ కేసులో (1984) ఇది గట్టిగా చెప్పారు. అందుకే "75 శాతం హాజరు అనే నియమమే అన్యాయం" అన్న వాదన దాదాపు నిలబడదు. "ఆ నియమాన్నే మీరు సరిగ్గా అమలు చేయలేదు" అన్న వాదన నిలబడుతుంది. మొత్తం కేసును ఈ రెండో వాక్యం చుట్టూ కట్టాలి.

ప్రైవేటు కాలేజీ మీద రిట్ నడుస్తుందా అని చాలామంది అడుగుతారు. నడుస్తుంది, ఒక షరతుతో. ప్రైవేటు ట్రస్టు నడిపే అనుబంధ కాలేజీ కూడా ప్రజా విధి నిర్వహిస్తోంది కాబట్టి మాండమస్‌కు (విధి నిర్వర్తించమనే కోర్టు ఆదేశానికి) లోబడుతుందని 1989లో రుడాని కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2015లో జానెట్ జయపాల్ కేసులో డీమ్డ్ యూనివర్సిటీ మీద కూడా రిట్ చెల్లుతుందని తేల్చింది. అయితే 2022లో సెయింట్ మేరీస్ ఎడ్యుకేషన్ సొసైటీ కేసులో ఒక గీత గీసింది: సంస్థ చేసేది ప్రజా విధి అయినంత మాత్రాన సరిపోదు, సవాలు చేస్తున్న చర్యకు ఆ ప్రజా విధితో సంబంధం ఉండాలి. పరీక్షకు రిజిస్టర్ చేయడం, డిటెయిన్ చేయడం విద్యాబోధనలో భాగమే కాబట్టి గీతకు ఇవతలే ఉంటాయి. హాస్టల్ డిపాజిట్ గొడవ అటువైపు పోవచ్చు. అందుకే అఫిడవిట్‌లో (రిట్‌తో ఇచ్చే ప్రమాణపత్రంలో) హాస్టల్, బస్సు, మెస్ ఫిర్యాదులు కలపొద్దు.

వినియోగదారుల కమిషన్‌కు వెళ్లి సమయం పోగొట్టుకోవద్దు. పరీక్షలు నిర్వహించే బోర్డు, యూనివర్సిటీ "సేవ" అమ్మేవి కావని సుప్రీంకోర్టు 2009లో బిహార్ బోర్డు కేసులో, 2010లో మహర్షి దయానంద్ యూనివర్సిటీ వర్సెస్ సుర్జీత్ కౌర్ కేసులో చెప్పింది.

కారణాన్ని బట్టి కేసు బలం

*హాజరు తక్కువ.* ఎక్కువ వివాదాలు దీని మీదే. జేఎన్‌టీయూల రెగ్యులేషన్లలో మొత్తం మీద 75 శాతం ఉండాలి. 65కు తగ్గకుండా 75 లోపు ఉంటే తగిన కారణం చూపి, ఫీజు కట్టి కాండొనేషన్ (హాజరు లోటుకు మన్నింపు) పొందవచ్చు. 65 కంటే తక్కువైతే మన్నింపు లేదు. ఈ చివరి వర్గంలో నిజంగా ఉన్నవారికి కోర్టు నుంచి సాయం దొరకడం చాలా కష్టం. అనారోగ్యం నిజమైనా సరే, మన్నించే అధికారమే లేని చోట మన్నించమని కోర్టు ఆదేశించదు.

కాబట్టి పోరాటం లెక్క మీద జరగాలి. సెమిస్టర్‌లో 480 తరగతులు జరిగాయి, మీకు 307 వేశారు అనుకుందాం. అది 63.96 శాతం, డిటెన్షన్. యూనివర్సిటీ తరఫున ఆటలకు వెళ్లిన రోజున పోయిన 6 తరగతులు రెగ్యులేషన్ ప్రకారం హాజరుగా వేయాల్సి ఉండి వేయలేదంటే 313 అవుతుంది, 65.2 శాతం, కాండొనేషన్‌కు అర్హత వచ్చింది. కోర్టులో నిలిచేది ఇలాంటి లెక్క. సబ్జెక్టులవారీగా జరిగిన తరగతులు, హాజరైనవి, తేడా ఉన్న తేదీలు ఒక పేజీ పట్టికగా వేయండి. చివరి విడత కౌన్సెలింగ్‌లో చేరినవారు తమ లెక్క ఏ తేదీనుంచి మొదలైందో తప్పక చూసుకోవాలి. చేరకముందు జరిగిన తరగతులకు కూడా ఆబ్సెంట్ వేసిన సందర్భాలు ఇక్కడే బయటపడతాయి.

మెడికల్ సర్టిఫికెట్ విషయంలో ఒకే లోపం పదేపదే దెబ్బ తీస్తుంది: డిటెన్షన్ జాబితా వచ్చాక తెచ్చిన సర్టిఫికెట్. జబ్బు పడ్డప్పుడే ఇచ్చినట్టు రుజువు లేకపోతే, ఆస్పత్రి బిల్లులు, ల్యాబ్ రిపోర్టులు, మందుల రసీదులు జతచేసి ఆ తేదీలను నిలబెట్టుకోవాలి.

ఇంకో పాయింట్ ఉంది. నెలనెలా హాజరు ప్రకటించాలని, తక్కువైతే తల్లిదండ్రులకు తెలపాలని రెగ్యులేషన్ చెబుతుంటే, కాలేజీ ఆ పని చేయలేదని చూపించండి. దానివల్లే డిటెన్షన్ రద్దు కాకపోవచ్చు, కానీ ప్రక్రియ సరిగ్గా నడవలేదన్న వాదనకు బలం వస్తుంది.

*ఫీజు బకాయి.* పరీక్ష ఫీజు వేరు, ట్యూషన్ ఫీజు వేరు. పరీక్ష ఫీజు గడువులో కట్టడానికి వెళ్లినా ట్యూషన్ బకాయి చూపి తీసుకోలేదంటే, అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఏ రెగ్యులేషన్ కింద? అలా ఆపే అధికారం ఇచ్చే నిబంధన కాలేజీ చూపలేకపోతే మీ కేసు బలమైంది. బాకీ వసూలుకు కాలేజీకి వేరే చట్టపరమైన దారులున్నాయి.

ఫీజు రీయింబర్స్‌మెంట్ విద్యార్థి అయితే బకాయి ప్రభుత్వానిదని కాగితంతో చూపాలి. తెలంగాణలో ఈపాస్, ఆంధ్రప్రదేశ్‌లో జ్ఞానభూమి పోర్టల్ నుంచి దరఖాస్తు స్టేటస్, మంజూరు వివరాలు ప్రింట్ తీయండి. సంబంధిత సంక్షేమ శాఖను కూడా ప్రతివాదిగా చేర్చండి. నిజంగా మీరు కట్టాల్సిన భాగం ఏదైనా ఉంటే ఎంతో ఒప్పుకుని, ఎప్పటిలోగా కడతారో అఫిడవిట్‌లో రాయండి. బాకీ దాచినవారికంటే లెక్క చెప్పినవారికి మధ్యంతర ఉత్తర్వు తేలిగ్గా వస్తుంది, అది సహజం కూడా.

*గడువు దాటింది, పోర్టల్ మూసేశారు.* లేట్ ఫీజు చివరి తేదీ కూడా దాటిపోతే, దాటింది మీ వల్ల కాదని చూపాలి. డబ్బు ఖాతాలోంచి పోయి రసీదు రాకపోతే బ్యాంకు స్టేట్‌మెంట్, లావాదేవీ నంబరు, ఆ రోజే పంపిన ఫిర్యాదు కావాలి. కాలేజీకి సమయానికి కట్టినా కాలేజీ యూనివర్సిటీకి పంపలేదంటే కాలేజీ రసీదే మీ కేసు. మర్చిపోయామంటే మాత్రం ఆశ పెట్టుకోవద్దు.

*అర్హత మీద అభ్యంతరం.* క్రెడిట్లు చాలలేదు, ప్రవేశానికి కావలసిన మార్కులు లేవు అని ఆలస్యంగా లేవనెత్తడం. ఇక్కడ రెండు పాత తీర్పులు ఇప్పటికీ పనికొస్తాయి. శ్రీకృష్ణ వర్సెస్ కురుక్షేత్ర యూనివర్సిటీ (1976): పరీక్ష ఫారాన్ని ముందే పరిశీలించుకోవాల్సిన బాధ్యత యూనివర్సిటీదే, విద్యార్థి మోసం చేయనప్పుడు, పరీక్ష రాయనిచ్చాక హాజరు తక్కువని అభ్యర్థిత్వం రద్దు చేయడం కుదరదు అన్నారు. సనాతన్ గౌడ వర్సెస్ బెర్హంపూర్ యూనివర్సిటీ (1990): మార్కుల పత్రం చూసి చేర్చుకుని, పరీక్షలు రాయనిచ్చి, ఫలితాల దగ్గర అర్హత లేదనడం చెల్లదు అన్నారు. ఈ రెండింటికీ ప్రాణం ఒకటే, విద్యార్థి ఏదీ దాచలేదు. దాచి ఉంటే ఇవి మీకు ఎదురు తిరుగుతాయి. నిబంధన స్పష్టంగా నిషేధించిన పని చేసినవారికీ ఇవి రక్షణ కావు. సుర్జీత్ కౌర్ కేసులో ఒకేసారి రెండు కోర్సులు చదవకూడదన్న నియమం అడ్డొచ్చింది.

*గుర్తింపు లేని కాలేజీ.* ఇక్కడ నిజం కటువుగానే చెప్పాలి. ఏపీ క్రిస్టియన్ మెడికల్ ఎడ్యుకేషనల్ సొసైటీ కేసులో (1986) అనుమతి లేని కాలేజీ విద్యార్థులను పరీక్షకు అనుమతించమని యూనివర్సిటీని ఆదేశించడానికి సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. తనను పుట్టించిన చట్టాన్నే ఉల్లంఘించమని యూనివర్సిటీకి చెప్పలేమంది. 1998లో సీబీఎస్ఈ వర్సెస్ పి. సునీల్ కుమార్ కేసులో, అనుబంధం లేని సంస్థల విద్యార్థులను కోర్టు ఉత్తర్వులతో పరీక్షకు కూర్చోబెట్టి, తర్వాత సర్టిఫికెట్లు ఇప్పించడం సానుభూతిని తప్పుదారిలో పెట్టడమేనంది. ఇలాంటి విద్యార్థులు పరీక్ష అడగడం కంటే వేరే కాలేజీకి మార్పు, ఫీజు వాపసు, పరిహారం అడగడం మేలు.

*మాల్‌ప్రాక్టీస్, క్రమశిక్షణ.* షోకాజ్ నోటీసు, వివరణకు అవకాశం లేకుండా డిబార్ చేస్తే సహజ న్యాయ సూత్రాల ఉల్లంఘన. 1962 నాటి ఘనశ్యామ్ దాస్ గుప్తా తీర్పు దీనికి పునాది. సెంటర్ మొత్తం మూకుమ్మడి కాపీయింగ్‌తో పరీక్ష రద్దయితే మాత్రం ఒక్కొక్కరినీ విడిగా వినాల్సిన పని లేదని 1970లోనే సుప్రీంకోర్టు చెప్పింది.

కోర్టుకు ముందు ఒక వినతిపత్రం

మాండమస్ కావాలంటే ముందు మీరు అడిగి ఉండాలి, వాళ్లు కాదని ఉండాలి లేదా పలకకుండా ఉండాలి. నోటిమాటగా ప్రిన్సిపాల్ గదిలో జరిగినదానికి విలువ తక్కువ. వినతిపత్రం ఒక పేజీ దాటకూడదు. నమూనా ఇలా ఉండొచ్చు:

"ప్రిన్సిపాల్ గారికి, కంట్రోలర్ ఆఫ్ ఎగ్జామినేషన్స్ గారికి. నేను ఫలానా కోర్సు, ఫలానా సెమిస్టర్, హాల్ టికెట్ నంబరు ఫలానా. పరీక్ష ఫీజు కట్టడానికి ఫలానా తేదీన వస్తే తీసుకోలేదు. నాకు కారణం రాతపూర్వకంగా తెలపలేదు. ఫలానా రెగ్యులేషన్‌లోని ఫలానా క్లాజు ప్రకారం నేను అర్హుడిని, లెక్క జతచేశాను. నా పరీక్ష ఫీజు తీసుకుని, నామినల్ రోల్‌లో చేర్చి, హాల్ టికెట్ ఇవ్వవలసిందిగా, లేదా కాదంటే ఏ నిబంధన కింద కాదంటున్నారో ఫలానా తేదీలోగా రాతపూర్వకంగా తెలపవలసిందిగా కోరుతున్నాను."

బతిమాలే మాటలు తీసేయండి. ముఖ్యంగా "నా తప్పును క్షమించి" అని రాయొద్దు, అదే కాగితాన్ని రేపు మీరు తప్పు ఒప్పుకున్నట్టుగా చూపిస్తారు. కాలేజీలో ఇస్తే నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ముద్ర వేయకపోతే అదే రోజు ఈమెయిల్, స్పీడ్ పోస్ట్ రెండూ పంపి రసీదు, ట్రాకింగ్ ప్రింట్ దాచండి. "ఖాళీగా సంతకం పెట్టు, తర్వాత రాసుకుంటాం" అన్న అండర్‌టేకింగ్ (హామీ) కాగితం మీద మాత్రం సంతకం పెట్టవద్దు.

కాలేజీ కారణం రాసి ఇస్తే అది మీకు మేలే. ఉత్తర్వు అందులో రాసిన కారణాల మీదే నిలబడాలి, తర్వాత కౌంటర్ అఫిడవిట్‌లో (కోర్టుకు ఇచ్చే జవాబులో) కొత్త కారణాలు అతికించడానికి వీల్లేదని మొహిందర్ సింగ్ గిల్ కేసు నుంచి స్థిరపడిన సూత్రం ఉంది. మొదట "ఫీజు బాకీ" అని, కోర్టులో "హాజరు తక్కువ" అని మాట మార్చినప్పుడు ఇది బాగా పనిచేస్తుంది.

ఫిర్యాదుల కమిటీ, అంబుడ్స్‌పర్సన్

డిగ్రీ, పీజీ విద్యార్థులకు యూజీసీ 2023 నిబంధనల కింద ప్రతి కాలేజీలో విద్యార్థి ఫిర్యాదుల పరిష్కార కమిటీ, యూనివర్సిటీ స్థాయిలో అంబుడ్స్‌పర్సన్ ఉండాలి. కమిటీకి 15 పనిదినాలు. దాని నిర్ణయం అందిన 15 రోజుల్లో అంబుడ్స్‌పర్సన్‌కు అప్పీలు, అక్కడ 30 రోజులు. పరీక్ష నెల రోజుల్లో ఉంటే ఈ దారి మొత్తం నడవదని లెక్కే చెబుతోంది. అయినా ఫిర్యాదు వేయండి. "ప్రత్యామ్నాయ మార్గం ఉండగా నేరుగా వచ్చారు" అన్న అభ్యంతరానికి జవాబు అక్కడే తయారవుతుంది: వేశాం, పరీక్ష తేదీలోగా తేలదు, కాబట్టి వచ్చాం. సహజ న్యాయం ఉల్లంఘించినప్పుడు, అధికారం లేకుండా చేసినప్పుడు ప్రత్యామ్నాయ మార్గం అడ్డు కాదని వర్ల్‌పూల్ తీర్పు (1998) ఉంది.

సమాచార హక్కు దరఖాస్తు పరీక్షకు ముందు పెద్దగా ఉపయోగపడదు, 30 రోజుల గడువు ఉంటుంది కాబట్టి. కానీ రిట్ నెలలపాటు నడిస్తే హాజరు రిజిస్టర్ నకలు, మిగతావారికి ఇచ్చిన కాండొనేషన్ జాబితా యూనివర్సిటీ నుంచి రాబట్టడానికి 10 రూపాయల ఆ దరఖాస్తు బాగా పనికొస్తుంది.

రిట్ తయారీ

ఆంధ్రప్రదేశ్ కాలేజీ అయితే అమరావతి నేలపాడులోని హైకోర్టు, తెలంగాణ అయితే హైదరాబాద్‌లోని హైకోర్టు. 2019 జనవరి 1 నుంచి రెండూ వేరు. డీమ్డ్ యూనివర్సిటీ ప్రధాన కార్యాలయం వేరే రాష్ట్రంలో ఉన్నా, నిరాకరణ జరిగిన క్యాంపస్ ఇక్కడ ఉంటే ఇక్కడ వేయవచ్చు.

ఇక్కడి పద్ధతిలో రిట్ పిటిషన్ కాగితం చిన్నది, అసలు కేసంతా అఫిడవిట్‌లో ఉంటుంది. 18 నిండని ఇంటర్ విద్యార్థి తరఫున తండ్రో తల్లో సహజ సంరక్షకులుగా వేస్తారు. ప్రతివాదులుగా ఉన్నత విద్యాశాఖ ప్రిన్సిపల్ సెక్రటరీ ద్వారా ప్రభుత్వం, రిజిస్ట్రార్ ద్వారా యూనివర్సిటీ, కంట్రోలర్ ఆఫ్ ఎగ్జామినేషన్స్, ప్రిన్సిపాల్ ద్వారా కాలేజీ ఉండాలి. కాలేజీని వదిలేసి యూనివర్సిటీ మీదే వేస్తే, ఉత్తర్వు వచ్చాక కూడా కాలేజీ కదలదు. ఇది అరుదైన పొరపాటు కాదు.

అఫిడవిట్‌లో సంగతులు తేదీల వరసలో, ఒక్కో పేరాకు ఒక్కో సంగతి చొప్పున ఉండాలి. ప్రతి ముఖ్యమైన వాక్యానికి మెటీరియల్ పేపర్స్‌లో (జతచేసే ఆధారాల కట్టలో) ఒక కాగితం ఉండాలి: ప్రవేశ ఉత్తర్వు, ఫీజు రసీదులు, రెగ్యులేషన్‌లోని ఆ క్లాజు పేజీ, పరీక్ష నోటిఫికేషన్, టైమ్ టేబుల్, హాజరు లెక్క, వినతిపత్రం, పంపిన రుజువు, కాలేజీ జవాబు. హైకోర్టు భాష ఇంగ్లిష్ కాబట్టి తెలుగు ఉత్తరాలకు అనువాదం జతచేయాలి. ఈ అనువాదం ముందే చేయించుకుంటే ఒక రోజు మిగులుతుంది. ఇదే విషయం మీద మరో కేసు వేయలేదన్న ప్రకటన తప్పనిసరి. నిరుడు కూడా డిటెయిన్ అయి ఉంటే, ఒకసారి అండర్‌టేకింగ్ ఇచ్చి ఉంటే, మీకు నచ్చని ఆ సంగతి మీరే చెప్పండి. అవతలివాళ్ల నోటినుంచి జడ్జి వింటే ఆ రోజుతో కేసు ముగిసినట్టే.

ఏం అడగాలి

ప్రధాన అభ్యర్థనలో రెండు భాగాలు ఉంటాయి. ఫలానా ప్రతివాది ఫలానా చర్య ఏకపక్షం, రెగ్యులేషన్‌కు విరుద్ధం, 14వ అధికరణానికి విరుద్ధం అని ప్రకటించడం మొదటిది. తదనుగుణంగా పరీక్షకు అనుమతించమని ఆదేశించడం రెండోది. డిటెన్షన్ ఉత్తర్వు కాగితం ఉంటే దాని నంబరు, తేదీ రాసి దాన్ని రద్దు చేయమని విడిగా అడగాలి. అడగనిది కోర్టు ఇవ్వదు.

మధ్యంతర అభ్యర్థనను మరీ పొట్టిగా రాయడం వల్ల జరిగే నష్టం పెద్దది. "హాల్ టికెట్ ఇవ్వండి" అని మాత్రమే ఉత్తర్వు వస్తే, "ఫీజు కట్టలేదు, పోర్టల్ మూసేశాం, సెంటర్ కేటాయించలేదు" అని తిప్పుతారు. పోర్టల్ గడువుతో సంబంధం లేకుండా పరీక్ష ఫీజు తీసుకోవాలి, అవసరమైతే చేతిరాత పద్ధతిలోనైనా నామినల్ రోల్‌లో చేర్చాలి, హాల్ టికెట్ ఇవ్వాలి, ఫలానా తేదీన మొదలయ్యే ఫలానా పరీక్షలకు, ప్రాక్టికల్స్‌తో సహా, అనుమతించాలి అని నాలుగూ అడగండి. పరీక్షలు మొదలైపోయి ఉంటే, మిగిలినవాటికి అనుమతి, రాయలేకపోయినవాటికి సప్లిమెంటరీలో అవకాశం అని చేర్చండి. లేకపోతే పరీక్షలు ముగిసిన రోజున పిటిషన్ నిష్ఫలమైందని మూసేస్తారు.

ఫైలింగ్ నుంచి ఉత్తర్వు దాకా

పరీక్షకు కనీసం పది రోజుల ముందు ఫైల్ కావాలన్నది మా సూచన. ముందుగా ప్రభుత్వ ప్లీడర్‌కు, యూనివర్సిటీ స్టాండింగ్ కౌన్సిల్‌కు (దాని తరఫు న్యాయవాదికి) నకళ్లు ఇవ్వాలి. ఫైలింగ్ సెక్షన్ అభ్యంతరాలు పెట్టి తిప్పి పంపవచ్చు: చదవడానికి వీల్లేని జిరాక్స్, అనువాదం లేకపోవడం, పేజీ నంబర్ల తప్పు. సరిచేసి మళ్లీ వేస్తే నంబరు పడి, కాజ్ లిస్ట్‌లోకి (రోజువారీ విచారణ జాబితాలోకి) వస్తుంది. మొదటి రోజు సాధారణంగా అవతలి న్యాయవాది "ఇన్‌స్ట్రక్షన్స్ తెచ్చుకుంటాం" అని, అంటే తమవాళ్లను అడిగి కనుక్కుంటామని, సమయం అడుగుతారు. ఆ రెండుమూడు రోజులు కూడా మీ లెక్కలో ఉండాలి.

పరీక్ష రేపోమాపో ఉంటే లంచ్ మోషన్: ఉదయం కోర్టు కూర్చోగానే న్యాయవాది అత్యవసరాన్ని వివరించి, అనుమతి దొరికితే అదే రోజు మధ్యాహ్నం విచారణ. సెలవు రోజైతే హౌస్ మోషన్. జడ్జి వెంటనే అడిగే ప్రశ్న "ఇన్నాళ్లు ఏం చేశారు?" జాబితా నెల కిందటే వచ్చి ఉంటే జవాబు ఉండదు. ముద్ర పడిన వినతిపత్రం తేదీ ఇక్కడే మిమ్మల్ని కాపాడుతుంది.

మధ్యంతర ఉత్తర్వుకు మూడు చూస్తారు: పైకి కేసు ఉందా, ఇవ్వకపోతే ఎవరికి ఎక్కువ నష్టం, ఆ నష్టం తర్వాత పూడ్చగలిగేదా. పోయిన పరీక్షను ఎవరూ వెనక్కి తేలేరు కాబట్టి చివరి రెండూ విద్యార్థి వైపే ఉంటాయి. మొదటిదాని మీదే శ్రమ పెట్టాలి.

లాయర్ ఖర్చు భరించలేనివారికి న్యాయ సేవల చట్టం 1987 కింద ఉచిత సాయం ఉంది. మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, పిల్లలు, దివ్యాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండా అర్హత ఉంటుంది. హైకోర్టు న్యాయ సేవల కమిటీలో దరఖాస్తు చేసుకోవచ్చు, 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు.

ఉత్తర్వు చేతికొచ్చాక

పరీక్ష దగ్గరుంటే సర్టిఫైడ్ కాపీ అదే రోజు ఇచ్చేలా "సీసీ టుడే" అని ఉత్తర్వులోనే రాయించమని న్యాయవాదికి గుర్తుచేయండి. ఈలోగా ఉత్తర్వు సారాంశాన్ని న్యాయవాది లెటర్‌హెడ్ మీద కాలేజీకి, పరీక్షల విభాగానికి ఈమెయిల్ చేయించండి. కాపీ రాగానే విద్యార్థి, పెద్దవాళ్లలో ఒకరు కలిసి స్వయంగా వెళ్లి, పరీక్ష ఫీజు డీడీ చేతిలో ఉంచుకుని, రెండు చోట్లా రసీదు తీసుకోవాలి. తీసుకోవడానికి నిరాకరిస్తే ఆ సమయం, ఎదురుగా ఉన్న అధికారి హోదా రాసుకుని వెంటనే న్యాయవాదికి చెప్పండి. కోర్టు ధిక్కార చట్టం 1971 కింద కేసు ఏడాదిలోగా వేయాలి, కానీ పరీక్ష ముంగిట అసలు ఉపయోగం మర్నాడు ఉదయం అదే బెంచ్ ముందు ప్రస్తావించడంలోనే ఉంది.

మధ్యంతర ఉత్తర్వుల్లో సాధారణంగా ఒక వాక్యం ఉంటుంది: ఇది రిట్ తుది తీర్పుకు లోబడి ఉంటుంది, విద్యార్థికి ప్రత్యేక హక్కులేవీ రావు. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. పరీక్ష రాయనిచ్చారు కదా అని కేసును వదిలేస్తే, రెండేళ్ల తర్వాత రిట్ కొట్టేసిన రోజున ఆ సెమిస్టర్, దాని మీద కట్టుకున్న పై సెమిస్టర్లు అన్నీ ప్రమాదంలో పడతాయి. ఫలితం ఆపి ఉంచితే విడుదల కోసం వేరే మధ్యంతర దరఖాస్తు వేయాలి. తర్వాతి సెమిస్టర్ రిజిస్ట్రేషన్‌కు అడ్డు చెబితే దానికీ వేయాలి. యూనివర్సిటీ కౌంటర్ వేసిన వెంటనే జవాబు అఫిడవిట్ వేసి, తుది విచారణకు త్వరగా పెట్టమని అడగడం మీ పనే, అవతలివాళ్లకు తొందర ఉండదు.

సింగిల్ జడ్జి కాదంటే అదే హైకోర్టులో ఇద్దరు జడ్జీల బెంచ్ ముందు రిట్ అప్పీలు వేయవచ్చు, గడువు 30 రోజులు. పరీక్ష ఇంకా ముందుంటే ఆ 30 రోజులు మీకు లేవనే అనుకోండి. ఉత్తర్వు వెబ్ కాపీ రాగానే అప్పీలు తయారవ్వాలి. అప్పీలులోనూ కొత్త సంగతులు చెప్పడానికి పెద్దగా చోటుండదు, కాబట్టి హాజరు పట్టిక, రెగ్యులేషన్ పేజీ, ముద్ర పడిన వినతిపత్రం మొదటి రోజు వేసిన కట్టలోనే ఉండి తీరాలి.